జిప్సీకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్: కడప షెడ్డు డైరీ

జనవరి, సంక్రాంతి తర్వాత

నాయన జిప్సీకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కించాలని ఇంట్లో తేలిపోయింది. బండి 2006 మోడల్ జిప్సీ కింగ్. 1,298 సీసీ పెట్రోలు ఇంజన్, కంపెనీ పెట్టిన పేరు జీ13బీబీ, 80 హార్స్‌పవర్. నాయనకు ఎడమ మోకాలు ఇక వంగదని డాక్టర్లు చెప్పేశారు. కుడికాలు, చూపు, చేతులు అన్నీ బాగున్నాయి. ఒక్క క్లచ్ తొక్కలేక, రామాపురం అవతల ఉన్న మామిడి తోటకు పోవాలంటే పొద్దున్నే ఎవరు వస్తారా అని గేటు దగ్గర కూర్చుంటున్నాడు. అది చూడలేకనే ఈ పని మొదలుపెట్టాం.

వేరే దారులు లేకపోలేదు. 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ ఆటోమేటిక్‌లో దొరుకుతుంది. నాయన ఒక్క మాటతో కొట్టేశాడు: "ఈ బండి అమ్మితే తోట గూడా అమ్మేయండి." రెండో దారి, ఉన్న గేర్‌బాక్స్‌నే ఉంచి క్లచ్‌ను మోటరుతోనో వాక్యూమ్‌తోనో నడిపించే కిట్టు. ఖర్చు చాలా తక్కువ, ఊర్లో తిరిగేవాళ్లకు అది చాలు. కానీ మా తోట దారి గువ్వలచెరువు ఘాటు మీదుగా. లోడు లారీ వెనక అడుగడుగునా ఆగుతూ ఎక్కే చోట క్లచ్ ప్లేటు రాపిడికి కాలిపోతుంది. ఆటోమేటిక్‌లో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. బండి కదిలేటప్పుడు అందులో రాసుకునే ప్లేటు పనే ఉండదు, నూనె తిప్పుతుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇంజన్ వైపు రెక్కలు నూనెను తోస్తే గేర్‌బాక్స్ వైపు రెక్కలు కదులుతాయి. బండి ఆగినా ఇంజన్ ఆగదు. ఘాటుకు అదే కావాలి.

పానా పట్టకముందే చట్టం సంగతి చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అయితే అదే సెక్షన్‌లో, శారీరక లోపం ఉన్న మనిషి నడుపుకోవడానికి వీలుగా మార్చుకోవాలంటే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి ఇవ్వొచ్చని ఉంది. కాబట్టి ముందు నాయన సదరం సర్టిఫికెట్, ఆర్సీ, ఏమేం మారుస్తున్నామో రాసిన కాగితం పెట్టి రవాణా శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. అనుమతి చేతికొచ్చాకే బోల్టు విప్పుదామని మెకానిక్ అన్నకు కూడా చెప్పాను. సరదాకు గేర్‌బాక్స్ మార్చాలనుకునేవాళ్లకు ఈ దారి వర్తించదు.

ఫిబ్రవరి మొదట్లో

జిప్సీ ఈ పనికి ఎందుకు అనువైన బండో రాసి పెట్టుకుంటున్నాను. చాలా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో గేర్‌బాక్స్, దాని బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. గేర్‌బాక్స్ మారిస్తే రెండూ మార్చాలి, లేదా మధ్యలో అడాప్టర్ తయారుచేయాలి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా చాసిస్‌కు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. గేర్‌బాక్స్ నుంచి దానికి ఒక పొట్టి షాఫ్టు పోతుంది. అంటే ముందు ఏ గేర్‌బాక్స్ పెట్టినా సరే, చివర షాఫ్టు కట్టుకునే ఫ్లాంజి ఉంటే చాలు. ట్రాన్స్‌ఫర్, ముందు వెనక యాక్సిళ్లు, ముందు చక్రాల ఫ్రీవీల్ హబ్బులు దేన్నీ వేరేదానితో మార్చనక్కర్లేదు.

ఇంకో అదృష్టం. 1998లో విదేశాల్లో వచ్చిన జిమ్నీకి మొదట్లో ఇదే కుటుంబం 1.3 లీటర్ల ఇంజన్ ఉండేది, దానికి కంపెనీయే నాలుగు గేర్ల ఆటోమేటిక్ కూడా ఇచ్చింది. ఆ బండిలోనూ ట్రాన్స్‌ఫర్ విడిగానే ఉంటుంది. కాబట్టి మాకు కావాల్సింది ఆ బాక్సు, దాని కన్వర్టర్, ఫ్లైవీల్ స్థానంలో వచ్చే పలుచటి డ్రైవ్ ప్లేటు.

చెన్నై పుదుపేటలో దిగుమతి ఇంజన్లు, గేర్‌బాక్సులు అమ్మే సందుల్లో తిరిగాం. మొదట చూపించిన బాక్సు "బాగా కండిషన్లో ఉంది" అన్నారు. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే మాడిన వాసన, నూనె కాఫీ రంగులో ఉంది. బాక్సు లోపల గేర్లను పట్టే క్లచ్ ప్లేట్లు కాలిపోయాయని అర్థం. వద్దన్నాం. ఇంకో దుకాణంలో దొరికినదానికి నూనె ఇంకా ఎర్రగానే ఉంది. మెకానిక్ అన్న అక్కడే కింది పాన్ విప్పించాడు. లోపలి అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంది. అది మామూలు అరుగుదల. ఇనుప పొట్టు, ప్లేటు ముక్కలు కనబడితే ఆ బాక్సు తీసుకోకూడదు. పాన్ విప్పనివ్వని దుకాణంలో ఆటోమేటిక్ బాక్సు కొనకండి, ఎంత తక్కువకు ఇచ్చినా సరే.

ఫిబ్రవరి చివర్లో

అనుమతి వచ్చింది. పాత గేర్‌బాక్స్ దించాం. చైన్ పుల్లీ, రెండు జాకీలు, మధ్యాహ్నం లోపు అయిపోయింది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్, క్లచ్ కేబుల్, పెడల్ అన్నీ ఒక పెట్టెలో పెట్టి పేరు రాశాను. దేన్నీ అమ్మడం లేదు. మారిన మనసులకు, మారే చట్టాలకు రెండింటికీ అవి ఇంట్లో ఉండటం మంచిది.

కొత్త బాక్సు బెల్ హౌసింగ్, అంటే ముందుండే గంట ఆకారపు మూతి, ఇంజన్ బ్లాకు మీద డోవెల్ పిన్నులతో సహా సరిగ్గా కూర్చుంది. ఇక్కడి నుంచి చాలా నిదానంగా చేశాం. ఇంట్లో ఆటోమేటిక్ బాక్సు బిగించుకునేవాళ్లు ఎక్కువమంది పంపును పగలగొట్టేది ఈ ఒక్క దశలోనే.

కన్వర్టర్‌ను బాక్సు మూతిలోకి దించేటప్పుడు అది ఒక్కసారిగా కూర్చోదు. లోపల ఒకదాని వెనక ఒకటి మూడు చోట్ల పళ్లు కలవాలి: ఇన్‌పుట్ షాఫ్టు, దాని చుట్టూ ఉన్న స్టేటర్ గొట్టం, చివరగా ఆయిల్ పంపు. తిప్పుతూ మెల్లగా తోస్తే ఒక్కో మెట్టు దిగుతుంది. చివరిది పంపు. అది కలవకుండానే బెల్ హౌసింగ్ బోల్టులు బిగిస్తే ఇంజన్‌కూ పంపుకూ మధ్య కన్వర్టర్ నలిగి, స్టార్ట్ చేసిన మొదటి క్షణంలో పంపు చితికిపోతుంది. అందుకే బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి కన్వర్టర్ లోపలికి ఎంత దిగిందో కొలిచాం. తర్వాత ఇంజన్‌కు బోల్టులు బిగించాక, కన్వర్టర్ చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, దానికీ డ్రైవ్ ప్లేటుకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందు ఉండాలి. మాది మూడు దగ్గర ఉంది. ఆ సందును మూసేలా కన్వర్టర్‌ను ముందుకు లాగి డ్రైవ్ ప్లేటుకు బిగించాలి. సందు లేకుంటే ఆపేయాలి. బోల్టులతో లాగి సరిపెట్టకూడదు.

క్రాంకు చివర మాన్యువల్ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టుకు ఉండే చిన్న బేరింగ్ ఫ్లైవీల్‌తోపాటే వెళ్లిపోయింది. ఇప్పుడు కన్వర్టర్ ముక్కు క్రాంకు రంధ్రంలో ఆడకుండా కూర్చోవాలి. డయల్ గేజీ పెట్టి చూశాం, ఊగడం లేదు.

మార్చి

బాక్సు పాతదానికంటే పొడుగు. మధ్యనున్న షాఫ్టు అసలే పొట్టిది, ఇంకా కోస్తే షాఫ్టు చివర్లలో కోణంలో తిరగనిచ్చే క్రాస్ బేరింగులకు కోణం ఎక్కువైపోతుంది. కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేసునే చాసిస్ మీద కొంచెం వెనక్కి జరిపి, మౌంటు బ్రాకెట్లు ఆరు మిల్లీమీటర్ల ప్లేటుతో కొత్తగా కట్టించాం. ఫలితంగా ముందు షాఫ్టు పొడుగు చేయించాల్సి వచ్చింది, వెనకది కోయించాల్సి వచ్చింది.

షాఫ్టుల పని కోసం లేత్ భాయ్ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆయన లారీ షాఫ్టులు చేసి చేసి చేయి తిరిగినవాడు. "బేటీ, రెండు చివర్ల యోకులు ఒకే గీతలో ఉండాలి, ఒక్క పన్ను తేడా వచ్చినా బండి వణుకుతాది," అని సుద్దతో గీత గీసి మరీ వెల్డింగ్ చేశాడు. యోకులంటే క్రాస్‌ను పట్టుకునే చీలిక చివర్లు. క్రాస్ జాయింట్ కోణంలో తిరిగేటప్పుడు అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు, ఒక చుట్టులోనే వేగం పెరిగి తగ్గుతుంది. రెండు చివర్లా కోణం సమానంగా, యోకులు ఒకే గీతలో ఉంటేనే ఒకదాని తేడాను ఇంకొకటి కొట్టేస్తుంది. జిప్సీలో ఇది మరీ ముఖ్యం. ట్రాన్స్‌ఫర్‌లో మామూలుగా తోలే హై రేంజిలో కూడా 1.409 నిష్పత్తి ఉంది, అంటే మధ్య షాఫ్టు వెనక షాఫ్టుకంటే అంత వేగంగా తిరుగుతుంది. చిన్న అసమతుల్యం కూడా సీటు కింద తెలుస్తుంది. మూడు షాఫ్టులూ బ్యాలెన్సింగ్ చేయించాం. దానికి పెట్టిన డబ్బు గురించి నాకు ఏ బాధా లేదు.

ఫ్లోర్ రేకును కొంచెం కోసి పైకి లేపి, పి (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (డ్రైవ్), కింది గేర్లకు 2, ఎల్ అని గుర్తులున్న లివర్ బిగించాం. క్లచ్ పెడల్ పోయిన చోట బ్రేక్ పెడల్‌కు వెడల్పాటి ప్లేటు వెల్డింగ్ చేయించాం. పెడల్ ఇప్పుడు నాయన కుడికాలికి చక్కగా అందుతుంది.

మార్చి చివర, ఎండలు మొదలు

ఈ బాక్సులో రెండు పనులు వేరువేరుగా జరుగుతాయి. ఏ గేరు పడాలన్నది కరెంటు సోలనాయిడ్లు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వులు చెబుతాయి. ప్లేట్లను ఎంత ప్రెషర్‌తో నొక్కాలన్నది యాక్సిలరేటర్‌కు కట్టిన ఒక కేబుల్ చెబుతుంది. రెండోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కేబుల్ వదులుగా ఉంటే ఇంజన్ పూర్తి బలంతో లాగుతున్నా లోపల నూనె ప్రెషర్ తక్కువే ఉంటుంది, ప్లేట్లు జారతాయి, జారితే కాలతాయి. మరీ బిగుతుగా ఉంటే ప్రతి గేరూ తన్నినట్టు పడుతుంది.

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్‌కు గాలి వదిలే థ్రాటిల్ బాడీ మీద జిప్సీలో ఒక్క కేబుల్‌కే గాడి ఉంది. లేత్ భాయ్ రెండో గాడి ఉన్న చిన్న చక్రం తయారుచేసి దాని పక్కన బిగించాడు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు బాక్సు కేబుల్ కూడా పూర్తిగా లాగబడాలి, వదిలినప్పుడు మిల్లీమీటరు మించి వదులు ఉండకూడదు. అది కుదిరేదాకా మెకానిక్ అన్న కుర్చీ మీదనుంచి లేవలేదు.

సోలనాయిడ్ల కోసం పాత జిమ్నీ కంప్యూటర్ వాడలేదు. దానికి తన ఇంజన్ కంప్యూటర్‌తో మాట్లాడితే తప్ప నమ్మకం కుదరదు. విడిగా ప్రోగ్రాం చేసుకునే కంట్రోలర్ తీసుకున్నాం. దానికి థ్రాటిల్ సెన్సార్, బాక్సు స్పీడ్ సెన్సార్, లివర్ స్విచ్, బ్రేకు లైటు స్విచ్, నూనె ఉష్ణోగ్రత వైర్లు ఇచ్చాం. రెండు సోలనాయిడ్ల ఆన్, ఆఫ్ కలయికలతోనే నాలుగు గేర్లూ వస్తాయి. మూడోది లాకప్‌కు, అంటే కన్వర్టర్ రెండు వైపులనూ జారకుండా కలిపి పట్టేదానికి. లివర్ పి లేదా ఎన్‌లో ఉంటేనే స్టార్టర్ తిరిగేలా స్విచ్ కట్టాం. ఇది లేకుండా బండిని మనిషి చేతికి ఇవ్వకూడదు.

ఫ్యూజు తీసేసి కూడా చూశాం. కరెంటు పోతే డిలో పై గేరు మాత్రమే ఉంటుంది, కానీ లివర్ ఎల్‌లో పెడితే ఒకటో గేరు పడుతుంది. తోట దారిలో వైరు తెగినా ఇల్లు చేరొచ్చు.

ఏప్రిల్

నూనె పోసి, మొదటిసారి స్టార్ట్ చేసి, పి నుంచి ఎల్ దాకా లివర్ తిప్పి, ఇంజన్ తిరుగుతుండగానే మట్టం చూశాం. ఈ నూనె వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. చల్లగా ఉన్నప్పుడు నిండుగా పోస్తే వేడికి పొంగి నురగ వస్తుంది, నురగను పంపు లాగలేదు. నూనెను చల్లార్చే కూలర్ నుంచి తిరిగొచ్చే గొట్టం విప్పి బకెట్లో పెట్టి చూస్తే అర నిమిషానికి లీటరు దగ్గర వచ్చింది. పంపు, గొట్టాలు బాగున్నట్టే.

ఊర్లో బండి బ్రహ్మాండంగా ఉంది. ఏడు రోడ్ల కూడలి రద్దీలో కూడా కాలు బ్రేకు మీద తేలిగ్గా పెట్టి పోవచ్చు. నూనె వేడి 90 డిగ్రీలు దాటలేదు.

ఘాటు మాత్రం వేరే కథ. గువ్వలచెరువుకు ఎక్కుతుంటే గేజీ 100, 110, 120 అని పోతూనే ఉంది. పైన పాలకోవా అంగళ్ల దగ్గర ఆపి బానెట్ ఎత్తాం. ఆటోమేటిక్ నూనె 80, 90 డిగ్రీల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగం సగం పడిపోతుందని మెకానిక్కుల లెక్క. ఏప్రిల్‌లోనే ఇట్లుంటే మే నెల కడప ఎండకు ఆ బాక్సు నిలవదు.

కూలర్‌ను మేము రేడియేటర్ ముందు పెట్టాం, అందరూ పెట్టే చోటే. కానీ అక్కడ నూనె వేడి మొత్తం రేడియేటర్‌కే తగులుతోంది, ఘాటులో బండి వేగం ఇరవై దాటదు కాబట్టి గాలీ లేదు. దాన్ని తీసి, చాసిస్ పక్కన, సీటు కింది భాగంలో, విడి కరెంటు ఫ్యాన్‌తో పెట్టించాం. 85 డిగ్రీలకు ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది. రాళ్లు తగలకుండా కింద జల్లెడ రేకు. ఇది సగం మందు.

మిగతా సగం కంట్రోలర్‌లో ఉంది. కూలర్ వేడిని తీసేస్తుంది, కానీ వేడి పుట్టేది కన్వర్టర్ జారుడులో. రెండు వైపుల రెక్కల వేగంలో తేడా ఎంత ఎక్కువుంటే నూనె అంత కాగుతుంది. ఏ వేగానికి ఏ గేరు పడాలో కంట్రోలర్‌లో మొదట వేసిన గేరు పట్టిక ప్రకారం, ఎక్కుడులో కాలు కాస్త వదలగానే బాక్సు మూడో గేరుకు పోతోంది, ఇంజన్ నిదానమై కన్వర్టర్ జారుతోంది, మళ్లీ తొక్కితే రెండోదానికి వస్తోంది. ఇట్లా రెండు గేర్ల మధ్య ఊగుతూనే ఘాటంతా ఎక్కింది. మెకానిక్ అన్న ల్యాప్‌టాప్ పట్టుకుని పక్క సీట్లో కూర్చుంటే నేను తోలుతూ, పట్టికను అక్కడికక్కడే మార్చాం. థ్రాటిల్ సగం మించి ఉంటే మూడోది పడాల్సిన వేగాన్ని బాగా పెంచాం. మూడోది పడితే వెంటనే లాకప్ పట్టేలా చేశాం. లాకప్‌లో కన్వర్టర్ జారదు, నేరుగా అతుక్కుంటుంది.

ఆ తర్వాత అదే ఘాటు, అదే మధ్యాహ్నపు ఎండలో, నూనె 104 దగ్గర ఆగి పైకి రాగానే దిగింది. మెకానిక్ అన్న గేజీ మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది నిలబడింది," అన్నాడు.

మే

తోట లోపలి దారి పరీక్ష. పాత గేర్‌బాక్స్‌లో ఒకటో గేరు 3.652, ఈ బాక్సులో 2.8 దగ్గర. కాగితం మీద చూస్తే బలం తగ్గినట్టే ఉంటుంది. కానీ కదలిక మొదలయ్యే క్షణంలో కన్వర్టర్ టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, రెండింతల దాకా పెంచుతుంది. పైన ట్రాన్స్‌ఫర్‌లో నిదానంగా, బలంగా నడిపే లో రేంజి 2.268 ఉండనే ఉంది. వంక దాటే చోట గుండ్రాళ్ల మీద, క్లచ్ ఉన్నప్పుడు ఎగిరి దూకిన బండి ఇప్పుడు ఒక్కో రాయి మీదికి నిదానంగా ఎక్కి దిగుతోంది.

దిగుడులో మాత్రం తోలే పద్ధతి మారాలి. డిలో వదిలేస్తే ఇంజన్ పట్టు తక్కువ. గువ్వలచెరువు దిగుతూ బ్రేకులు ఫెయిలైన లారీల సంగతి కడపలో అందరికీ తెలుసు. ఘాటు మొదట్లోనే లివర్ 2లో పెట్టమని నాయనకు చెప్పాను. తోట వాలులో లో రేంజి, ఎల్.

ఆయనకు చెప్పినవి ఇంకా కొన్ని ఉన్నాయి. తోసి స్టార్ట్ చేయడం ఇక కుదరదు, పంపును ఇంజనే తిప్పాలి కాబట్టి. బ్యాటరీ కొత్తది వేశాం. బండిని తాడు కట్టి లాగాల్సి వస్తే ట్రాన్స్‌ఫర్ లివర్‌ను న్యూట్రల్‌లో పెట్టి లాగొచ్చు, అప్పుడు గేర్‌బాక్స్ తిరగదు. జిప్సీకి ఇది గొప్ప సౌకర్యం. కానీ అదే లివర్‌తో ప్రమాదం కూడా ఉంది: ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో ఉంటే గేర్‌బాక్స్ పిలో ఉన్నా బండి దొర్లుతుంది. హ్యాండ్ బ్రేకు తప్పనిసరి. ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించాను.

నాయన తోట చుట్టూ తిరిగి వచ్చి, దిగకుండానే అన్నాడు: "ఏమ్మా, ఇంగ నేనే తోలుకుంటా. పొద్దున ఎవరినీ పిలవబాకండి."

జూన్

రవాణా శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ బండిని చూసి, నడిపి, లివర్ స్విచ్ పని చేస్తోందా లేదా పరీక్షించారు. మార్పు పూర్తయ్యాక 14 రోజుల్లోగా తెలపాలన్న నిబంధన ఉంది కాబట్టి ముందే కాగితాలు ఇచ్చాం. ఆర్సీలో మార్పు నమోదైంది. లైసెన్సులోనూ ఆ మేరకు రాయించుకున్నాం, ఇన్సూరెన్స్ కంపెనీకి ఉత్తరం పంపాం. మూడూ అయ్యాకే నాయన బండిని రోడ్డెక్కించాడు.

ఖర్చు రెండు లక్షలు దాటింది. బాక్సు, కన్వర్టర్ కలిపి అందులో సగం కూడా కాదు. కంట్రోలర్, షాఫ్టులు, కూలర్, వెల్డింగ్ పనులే ఎక్కువ తిన్నాయి. ఎవరైనా బాక్సు ధర ఒక్కటే చూసుకుని దిగితే మధ్యలో ఆగిపోతారు. మైలేజీ కూడా పడింది. ముందు లీటరుకు పదకొండు దాకా వచ్చేది, ఇప్పుడు తొమ్మిదిన్నర.

మిగిలినవి: వెయ్యి కిలోమీటర్లకు నూనె, ఫిల్టర్ మార్చి పాన్ అయస్కాంతం మళ్లీ చూడాలి. డిలో పెట్టి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు స్టీరింగ్‌లో సన్నటి వణుకు ఉంది, వెనక మౌంటు రబ్బరు గట్టిది అయ్యుండొచ్చని అనుమానం, మెత్తటిది తెప్పిస్తున్నాం. వానలు పడేలోగా కంట్రోలర్ కనెక్టర్లు విప్పి గ్రీజు పెట్టాలి, ఆ పని వచ్చే ఆదివారం.